దీర్చే రూబికాన్ దాటింది

అలా గుర్రుగా చూడకయ్యా ఒరెస్తే! సమాధి రాతి మీద ఫొటోలో కూడా అదే మొహమా? నీ చెల్లెలు అర్జియా అప్పుడే వచ్చి చాడీలు చెప్పినట్టుంది. అవును, నిన్న నేను రూబికాన్ దాటాను. అయితే ఏంటంట?

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఏటి కథతో నా చెవులు తినేశావు కదా! పూర్వం సీజర్ సైన్యంతో ఆ ఒడ్డున ఆగాడట. సైన్యంతో దాటితే రోముకు ద్రోహి కిందే లెక్కట. "పాచిక పడిపోయింది" అంటూ దిగేశాడట. ఇక యుద్ధమే! అందుకే వెనక్కి తీసుకోలేని పని ఎవరు చేసినా, రూబికాన్ దాటాడంటారట.

ఇంత చెప్పినవాడివి, నువ్వేం దాటావయ్యా? రొట్టెల కొట్టు పెడదామంటే "ఆలోచిద్దాం". ఒక్కసారి సముద్రం చూసొద్దామంటే "ఆలోచిద్దాం". ఆలోచిస్తూనే పోయావు!

అవతలి ఒడ్డు ఫియోరెంజో తెలుసుగా, అకార్డియన్ వాయిస్తాడు? మొన్న ద్రాక్ష కోతల్లో అడిగేశాడు. "దీర్చే, నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని. "ఆలోచిద్దాం" అనబోయాను. నీ మాట నా నాలుక మీదికొచ్చేసరికి ఒళ్ళు జలదరించిందనుకో! "సరే, పద" అనేశాను.

వంతెన మీద నీ చెల్లెలు కాపలా. అందుకే చెప్పులు చేత పట్టుకుని ఏట్లోకే దిగాను. ఏరంటే ఏరా అది? చీలమండ తడిస్తే గొప్ప!

"వదినా! దాటావో, మళ్ళీ మా గడప తొక్కనివ్వను!" అని పైనుంచి ఒకటే అరుపు.

"నీ గడప నువ్వే కడుక్కో తల్లీ!" అన్నాను. చూస్తున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు.

దాటేశానా... అప్పుడు గుర్తొచ్చింది, పెనం! మా అమ్మ ఇచ్చిన మట్టి పెనమయ్యా, వదిలేస్తానా? మళ్ళీ ఏట్లో దిగి వెనక్కొచ్చాను. వెనక్కి రాలేరని ఎవడన్నాడో గానీ, వాడికి వంటిల్లు లేదు!

గుమ్మంలో అర్జియా అడ్డం నిలబడింది. "బుద్ధొచ్చిందా?" అంది.

"పెనం కోసమొచ్చానే."

అంతే, మొహం చిన్నబోయింది. "మరి నాకు రొట్టెలెవరు కాలుస్తారు?" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వంతెన ఎక్కి రా, వేడివేడిగా పెడతాను" అన్నాను. ఏమందో తెలుసా? "ఆలోచిస్తా" అంది. నీ రక్తమే!

ఇంకో మాట. ఈ రాతి మీద నీ పేరు పక్కన నా పేరు కూడా ముందే చెక్కించి పెట్టావు, చావు తేదీకి చోటొదిలి. నన్ను అడిగిన పాపాన పోలేదు. బతుకంతటిలో నువ్వు ఆలోచించకుండా చేసిన పని అదొక్కటే!

చెరిపెయ్యమని రాతిపనివాడికి చెప్పాను, రేపొస్తాడు. ఉలి చప్పుడుకి ఉలిక్కిపడకు. ఇక చోటంతా నీదే, కాళ్ళు బారజాపుకుని పడుకో.