వీధివైపు నుంచి తియ్యండి

ధవళేశ్వరంలో సూర్యప్రకాశంగారి ఇల్లు, సాయంత్రం. రాజమండ్రి కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చిన కూతురు వర్షిణి చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి ఫోను చూపిస్తోంది. తల్లి నాగేశ్వరి గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

“మళ్ళీ ఫోటో పెట్టాడమ్మా. ఈసారి మన గేటు, దాని పక్కన నా స్కూటీ.”

“ఏదీ, ఇలా తే. హమ్మయ్య, రంగు వేయించడం మంచిదైంది. పోయిన ఫోటోలో తుప్పంతా పడింది.”

“వాడికోసమా గేటుకి రంగేయించారు?”

“మరి? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?”

“వాడెవడో నాకు తెలీదమ్మా. ఒక ఐడీ బ్లాక్ చేస్తే ఇంకోటి తెరుస్తున్నాడు. నేను ఏ రంగు చుడీదార్ వేసుకున్నానో నాకే మెసేజ్ పెడుతున్నాడు. రేపు పోలీసుల దగ్గరికి వెళ్తున్నాను, నువ్వు తోడు రా చాలు.”

“పోలీసులేంటే, శుభమా అని సంబంధం వస్తుంటే.”

“ఏ సంబంధం?”

“ఇదే. పనిగట్టుకుని ఆడపిల్ల ఇంటి ఫోటోలు ఎవరు తీస్తారు? వాకబుకి వచ్చినవాళ్ళే తీస్తారు. పక్కింటి రామలక్ష్మిగారమ్మాయికి అమలాపురం వాళ్ళు ముందు మన వీధిలో అటూ ఇటూ తిరిగి, ఇల్లు చూసుకుని, కిళ్ళీకొట్లో అడిగి, అప్పుడు కబురు పెట్టారు. ఇప్పుడు ఎండలో తిరిగే ఓపిక ఎవరికుంది? అన్నీ ఫోన్లలోనే కానిస్తున్నారు.”

“పేరు లేదు, మొహం లేదు. ఏ పెళ్ళివారమ్మా మొహం దాచుకునేది?”

“అన్నవరం సత్యనారాయణస్వామి ఫోటో పెట్టుకున్నాడుగా. పద్ధతైన ఇల్లే అయ్యుంటుంది.”

“దండెం మీద ఆరేసిన నా బట్టల ఫోటో కూడా పెట్టాడు, ఆ పద్ధతైనవాడు.”

“అందుకేగా ‘బాబూ, అది పెరడు, వీధివైపు నుంచి తియ్యండి’ అని చెప్పాను.”

“ఎవరికి చెప్పావు?”

“ఆ ఫోటో కిందే రాశాను. వంటలు చూసుకోమని ఆ యాప్ నా ఫోన్లో పెట్టింది నువ్వేగా.”

“నీ పేరుతో? అందరికీ కనబడేలా?”

“గోత్రం కూడా రాశాను. మీ నాన్నగారు కసిరితే అది తీసేశాను.”

“పోనీ, నాన్నగారికైనా బుద్ధుంది.”

“గోత్రం మనంతట మనం చెప్పకూడదట. వాళ్ళు అడిగితేనే చెప్పాలట.”

“ఖర్మ. సరే, ఇది చూడు. మధ్యాహ్నం పెట్టాడు. నా గది. నా మంచం, నా పుస్తకాల బల్ల. ఇది వీధిలోంచి తీసింది కాదు, పెరట్లోంచి తీసిందీ కాదు. స్టాఫ్ రూంలో ఉండగా చూశాను. ఇంట్లోకి ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదు. ఈ చిక్కుళ్ళు చూడు, ఎంత ముదురువి ఇచ్చాడో.”

“అమ్మా.”

“ఎవరూ రాలేదంటే వినవేం? నేనే తీసి పంపించాను.”

“నువ్వా?”

“ఎంత మర్యాదగా అడిగాడనుకున్నావు. ‘అమ్మగారూ, అమ్మాయిగారి గది ఒక్కసారి చూడొచ్చా అండీ’ అని. అండీ లేకుండా ఒక్క మాట లేదు. దుప్పటి మార్చి మరీ తీశాను.”

“వాడితో విడిగా కూడా మాట్లాడుతున్నావన్నమాట. ఇంకేం అడిగాడు?”

“ఏముంది, ఏం చదివావు, ఎన్నింటికొస్తావు, ఏ రోడ్డున వస్తావు. ఎవరైనా అడిగేవే.”

“అన్నీ చెప్పేశావా?”

“సంబంధం వాళ్ళ దగ్గర దాస్తే రేపు మాటొస్తుంది.”

“నాకు భయమేస్తోందమ్మా. వారం నుంచీ కిటికీ తెరవడం మానేశాను, నువ్వు చూళ్ళేదా?”

“దోమలకేమో అనుకున్నాను.”

“ఇంకా ఏమైనా అడిగాడా? దాచకుండా చెప్పు.”

“దాచేదేముందే. ఎప్పుడొస్తారో అదే మాట్లాడుకున్నాం. ఆదివారం నేనూ మీ నాన్నగారూ పెనుగొండ అమ్మవారి గుడికి వెళ్తున్నాం, చీకటిపడితే గానీ రాము అన్నాను. అయితే ఆ రోజే వస్తానండీ అన్నాడు.”

“మీరిద్దరూ లేని రోజు.”

“నా అంతట నేను చెప్పలేదే. పెద్దవాళ్ళు ఇంట్లో ఎప్పుడుండరండీ అని అడిగితే... ఉండు, ఉండు. వర్షిణీ, పెళ్ళిచూపులకి వచ్చేవాళ్ళు, పెద్దవాళ్ళు ఇంట్లో ఉండే రోజు కదే అడుగుతారు?”