అందుకునేవాళ్లు

ఆసుపత్రి నుంచి వచ్చి, నారాయణగూడ బస్టాపులో అత్తాకోడళ్లు చిక్కడపల్లి బస్సు కోసం నిలబడ్డారు. బతుకమ్మ పండుగనాడు కోడలికి గర్భం పోయింది. అది తన వల్లేనని అత్త మూడు నెలలుగా లోలోపల కుమిలిపోతోంది.

"డాక్టరమ్మ ఏమన్నది బిడ్డా?"

"రక్తంల ప్రొజెస్టిరాన్ హార్మోను సరిపోయేంత ఉన్నదట అత్తమ్మా. గర్భసంచి పొరల దాన్ని అందుకునే గ్రాహకాలే సరిగ్గ పనిచేస్తలేవట."

"ముప్పై ఏండ్లు పదో తరగతికి హార్మోన్లు చెప్పిన. రక్తంల కలుస్తయని చెప్పి, గంట కొట్టంగనే బయటికొచ్చిన. ఎవరందుకుంటరని ఒక్కరన్న అడగలే."

"ఆ గ్రాహకాలు కణం నడుమ కేంద్రకంల ఉంటయట. హార్మోను వచ్చి అతుక్కుంటేనే, బిడ్డను నిలుపుకొమ్మని పొరకు హుకుం పోతదట."

అత్త చేతిసంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"మరి ఆ దినం నీ నెత్తిన బతుకమ్మ పెట్టి మూడంతస్తులు దింపిన గద."

"దానికీ దీనికీ సంబంధం లేదత్తమ్మా."

"నా మనసు కోసం చెప్తున్నవా?"

"నేనే డాక్టరమ్మను రెండుసార్లు అడిగిన. ఆ దిగులుతోని మీరు సరిగ్గ తింటలేరని గూడ చెప్పిన."

"అయ్యో, గదెందుకు చెప్పినవే!"

"బాగ తిట్టింది, మిమ్మల్నే. వచ్చేసారి మీరు గూడ లోపలికి రావాలట."

"వచ్చేసారా?"

"మందు మార్చింది. రెండు నెలలు చూసి మళ్ల ప్రయత్నం చేయమన్నది. చేద్దామనే అనుకుంటున్నం."

"భయమైతలేదా?"

"అయితున్నది. మీరు పక్కన కూసుంటే జర తక్కువైతది."

బస్సు వచ్చింది. అత్త ముందుగా ఎక్కి, ఖాళీ సీటు దొరకగానే కూర్చుని, పక్కన చేతిసంచి పెట్టి, కోడలిని కేకేసి పిలిచింది.