ఆకుపచ్చ సొక్కా పెళ్ళిసూపులు

బాగున్నాదమ్మా, సానా బాగున్నాది. కొత్త ఉద్దోగం, కొత్త బట్టలు, ఇంకేటి కావాల. ఇలగ తిరుగు, ఎనకాల కూడా సూడనీ. ఊఁ, కుట్టు గట్టిగున్నాది. ఇలాటి జతలు ఇంకా ఉన్నాయేటి? బీరువా తలుపు పట్టట్లేదా? మంచిదే, ఏసుకో, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడేసుకుంటావు. మీ తాత పోలిరాజు కొత్తగా ఓడల డాకులో సేరినప్పుడు ఆడికి మంచి బట్టలు ఎన్నుండేవో ఎరుగుదువా? పావు జత. నవ్వకే గుంటా, నిజివే సెప్తన్నాను. రూము మొత్తానికి ఒక్క జత, అందులోన మీ తాత వాటా పావు. నువ్వు పుట్టకముందే పోనాడు గదా, నీకేటి తెలుస్తాది. మీ నాన్నకి కూడా సగవే తెలుసు. కూకో, మంచం మీద కూకో, ఆ మోడా పీట కాలు ఇరిగిపోనాది.

అప్పుడు మేం బెంగాలీల దేశంలోన, ఓడరేవు పక్కన మెటియాబ్రుజ్‌లోన ఉండీవోలం. మీ తాత, నాను, బైరాగి, సత్యారావు. నలుగురివీ సికాకోలం సముద్రపొడ్డు ఊల్లే, నలుగురం ఖిదిర్‌పూర్ డాకులోన ఖలాసీలవే. ఓడొస్తే సరుకు దించడం, ఓడ రాకపోతే గోదాం నీడన కూకుని పేకాడ్డం. ఎర్రజెండా గవర్మెంటొచ్చి అయిదారేళ్ళయుంటాది. ఊరంతా లోడ్‌షెడ్డింగు. సాయంత్రం కరెంటు పోడం, మల్లీ ఒచ్చినప్పుడు ఈదంతా ఒక్క గొంతుతోటి కేకెయ్యడం, అదో పండగ. రూములోన ఒక్కటే మంచం. పగలు డూటీ సేసినోడు రాత్రి తొంగుంటాడు, రాత్రి సేసినోడు పగలు తొంగుంటాడు, ఆ మంచానికి మట్టుకు సెలవు నేదు. అంత ఇరుకులో కూడా, ఏటో, మాకు లోటనిపించీది కాదమ్మా. ఆదోరం ఒస్తే మీ తాతదే వంట. సేప తెచ్చి మన సింతపండు పులుసు పెట్టీవోడు. పక్కింటి బెంగాలీ దాదా గుమ్మంలోకొచ్చి, "ఎ కీ రే బాబా, మాఛే తేంతుల్?" అనీసి ముక్కు మూసుకునీవోడు, సేపలోన సింతపండేటని. మీ తాత ఒక గిన్నెడు పోసి ఆయన సేతిలో పెట్టినాడు. ఆ మరుసటి ఆదోరం నుంచి ఆ దాదా గిన్నె పొద్దున్నే మా గుమ్మంలో ఉండీది. అదీ మీ తాత. వడ్డించినప్పుడు సూడు, మంచి ముక్క ఎప్పుడూ పక్కోడి కంచంలోనే పడీది. ఆడికి తోకలే. అడిగితే, "తోకలోనే రుసుంటాదిరా, మీకు తెల్దు" అనీవోడు. ఏ తోకలోన రుసుంటాదమ్మా?

ఏటి సెప్తన్నాను? ఆఁ, బట్టలు. మెటియాబ్రుజ్ అంటే తెలుసు గదా, ఇంటికో మిషను. దుర్గాపూజ దగ్గరికొస్తే ఆ టకటక ఆగదు, మాకు అదే జోలపాట. మా ఎదురింట్లో ఒక ముసలి దర్జీ, ఉస్తాదని పిలిసీవోలం. నలుగురం ఎల్లి, ఉస్తాద్, మా నలుగురికీ కలిపి ఒక జత కుట్టు అన్నాం. ఆయన కల్లజోడు నుదుటి మీదకి ఎత్తి, "ఆరే భాయ్, ఒక మడిసికి నాలుగు జతలు కుట్టేను గానీ, నలుగురు మడుసులకి ఒక జత నా జల్మలో కుట్టనేదు" అన్నాడు. అన్నాడు గానీ ఆయనకీ సరదా పుట్టినాది. అందర్నీ వరసలో నిలబెట్టి కొలతలు తీసినాడు. మీ తాతేమో తాటిసెట్టంత పొడుగు, నాను సూస్తన్నావు గదా, ఇంతే. బిస్కట్టు రంగు బెల్‌బాటం పేంటు. కింద అంచు జానెడు లోపలికి మడిసి కుట్టినాడు. పొడుగోడు ఏసుకుంటే దారం పీకి దించుకోవాల, పొట్టోడు ఏసుకుంటే మల్లీ మడిసి కుట్టుకోవాల. నడువు దగ్గర లోపల్నుంచి నాడా. సొక్కా సిలకాకుపచ్చ. ఆ గుడ్డ సాలక జేబీకి పసుపు గుడ్డేసినాడు. పసుపేటి ఉస్తాద్ అంటే, ఫేసన్ అన్నాడు. సరే ఫేసనే.

ఆ జతకో కట్టడి ఉండీది. ఎవులికి పనుంటే ఆల్లు ఏసుకోడం, ఏసుకున్నోడే ఉతికి, ఆరేసి, మేకుకి తగిలించడం. సినీమాకి అదే, యూనియన్ మీటింగుకి అదే, గుడికి అదే. బైరాగి ఏసుకుని ఎల్తే నాకు నానే ఎల్తన్నట్టుండీది. పెళ్ళిసూపులకీ అదే మరి. ఇక్కడే ఒచ్చినాది తంటా.

మన పక్కల ఒక ఇది ఉన్నాది, మీ వయసోల్లకి తెల్దు. పిల్లని సూడ్డానికి ఎల్తన్నామని ముందు సెప్పకూడదు, దిస్టి. సూసొచ్చి కుదరకపోతే ఆ ఇంటి పేరు ఎత్తకూడదు. ఎందుకు? పలానోడు సూసి ఒదిలేసినాడట అనీసి పదిమందీ అనుకుంటే ఆ పిల్లకి మాటొస్తాది. మనల్నే ఆల్లొద్దన్నా సరే, నోరు మూసుకోడవే. నాను ఆ జతేసుకుని మా సినాన్నతోటి బజ్‌బజ్ ఎల్లేను. అక్కడ జూట్‌మిల్లు కూలీలుండే లైన్లలోన సోములని మనోడు, ఆడికో కూతురు. సూసేం, టీ తాగేం, ఒచ్చీసేం. పదిరోజులకి కుదర్దని కబురొచ్చినాది. నాను ఎవులికీ సెప్పనేదు. సూసొచ్చిన రోజే పేంటూ సొక్కా ఉతికి, మేకుకి తగిలించీసేను. అంతే.

ఇంకో నెల తిరక్కుండా మీ తాత వంతు. మా గేంగు సర్దారు గోవిందరాజు గారు సంబంధం తెచ్చినారు. మీ తాతకి తల్లీదండ్రీ లేరు, పెద్దదిక్కు లేదు, సొంత కొంప లేదు. అంతకుముందు రెండు సంబంధాలు గుమ్మం దాకా ఒచ్చి ఎనక్కెల్పోనాయి. సర్దారు ముందే సెప్పీసినారు, "ఒరే, ఇదీ పోతే ఇంక నా వల్ల కాదు, నువ్వు సన్నాసుల్లో కలిసిపో" అనీసి. మీ తాత పైకి నవ్వీవోడు గానీ లోపల ఒకటే కోరిక. డూటీ దిగి ఒస్తూ ఒకసారి నాతోటి అన్నాడు, "ఒరే గవరయ్యా, తలుపు లోపల్నుంచి తీసే మడిసుండాలిరా. ఈ తాళం తియ్యలేక సచ్చిపోతన్నాను" అనీసి. ఆడు ఎల్లిన పూట నాను డూటీలో ఉన్నాను. ఎల్తన్నది ఎక్కడికో ఆడు సెప్పనేదు, ఎల్లిందెక్కడికో నాను సెప్పనేదు. ఇద్దరం పద్ధతైనోల్లం మరి, ఆ పద్ధతే కొంప ముంచినాది.

తరవాతదంతా సర్దారు డాకులోన ఏసం కట్టి సూపించినారు, మీ తాత సెప్పినాడు, మీ మామ్మ సింహాచలమ్మ సెప్పినాది, ముగ్గురిదీ ఒకటే మాట. సంతోష్‌పూర్‌లో బజ్‌బజ్ లోకల్ బండెక్కినారు. కూకుంటే పేంటు మడతలు పోతాయని మీ తాత దారంతా నిల్చునే ఉన్నాడట. ఆల్లింట్లో నులకమంచం మీద దుప్పటేసి కూకోబెట్టినారు. మీ మామ్మ టీ, సింగాడాలూ, అవే సమోసాలు, పట్టుకుని ఒచ్చినాది. ఇప్పుడు తెల్లజుత్తుతోటి మీ ఇంట్లో కూకుని అందరికీ అతారిటీ సేస్తన్నాది గానీ, అప్పుడు తల దించుకునే ఉన్నాదట, పిల్ల తల ఎత్తకూడదు గదా. మీ తాత ఓరకంట సూసినాడు. సూసినాడో నేదో, పని అయిపోనాది. "గుండెకాయ లోపల క్రేను తిరిగినట్టు తిరిగినాదిరా" అన్నాడు నాతోటి. ఆవిడనే సూస్తూ టీ అంతా సాసర్లోకి ఒలకబోసుకున్నాడట.

మరి తల దించుకున్న పిల్లకి ఏటి కనిపిస్తాది? మొకం కనిపించదు, పేంటు కనిపిస్తాది. మీ మామ్మ అప్పుడు మిల్లులోన బస్తాలు కుట్టీది. ఆవిడ సూపు కుట్టు మీదకే ఎల్తాది. పేంటు అంచు సూసినాది, ఇప్పేసిన దారాల గుర్తులు వరసలు వరసలుగా ఉన్నాయి. మెల్లగా ఆల్లమ్మ నరసమ్మ సెవిలోన, "అమ్మా, ఈ పేంటు మనింటికి ఇంతకుముందు ఒచ్చినాదే" అన్నాది. మెల్లగా అన్నాననుకున్నాది గానీ ఆవిడ మిల్లు మిషన్ల మద్దెన మాటాడే మడిసి, ఆ గొంతు లైన్లన్నిటికీ ఇనపడినాది. నరసమ్మ పసుపు జేబీ సూసినాది. సోములు సూసినాడు. "ఇదేటి సర్దారు గారూ, పోయిన నెల ఒచ్చిన పొట్టోడిదీ ఇదే సొక్కా. సొక్కా ఉంచీసి మడిసిని మార్చి పంపిస్తన్నారా? ఇది నాటకం కంపినీయా?" అన్నాడు. సర్దారుకి ఏటీ తెల్దు పాపం. అబ్బే, ఈ మద్దెన ఊల్లో అందరూ ఇదే మోడలు బాబూ అని సర్దబోనారు. మీ తాత ఆపీసినాడు. "పేంటు నలుగురిది బాబూ. కాళ్ళు మట్టుకు నాయి" అన్నాడు.

మీ మామ్మకి నవ్వాగనేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాది. సోముల మొకం కూడా కొంచెం మెత్తబడినాదట. అక్కడితో ఊరుకుంటే పని కుదిరీసేదే. ఆడు ఊరుకుంటాడా? సోములు గారూ, మీరు పొట్టోడంటన్నది మా గవరయ్యనేనా అన్నాడు. పేరు అదే అన్నారు. ఎందుకొద్దన్నారు ఆణ్ణి? సోములు, "పిల్ల కన్న జానెడు తక్కువయ్యా, పక్కన నిలబడితే బాగోదు" అన్నాడు. మీ తాత లేచి నిల్చున్నాడు. సూడమ్మా, అప్పటికే ఆ పిల్ల మీద మనసు పడిపోనాది, ఇదీ పోతే ఇంకోటి లేదని తెలుసు, అయినా లేచి నిల్చున్నాడు. "ఎత్తు సూసి మడిసిని ఒదులుకున్నారు బాబూ. మా నలుగురిలోన ఆడే మేలైనోడు. నాకు జెరవొస్తే ఆడు తన డూటీ సేసుకునొచ్చి, మల్లీ నా డూటీ సేసినాడు. ఆణ్ణే కాదన్న ఇంట్లో నాను ఎలగ కూకుంటాను? ఇంకోసారి ఆలోసించండి, కావాలంటే రేపే ఆణ్ణి పంపిస్తాను" అనీసినాడు. సర్దారు ఎనకాల్నుంచి సొక్కా పట్టుకు గుంజుతూ, "ఒరే, కూకోరా ఎదవా, ఇవి నీ పెళ్ళిసూపులురా" అంటన్నారట. ఆడు ఇంటేనా. గుమ్మం దాకా ఎల్పోనాడు. అప్పుడు మీ మామ్మ, తల దించుకునే, గట్టిగానే అన్నాది, "అమ్మా, ఆ ఎల్తన్నాయన్ని ఇంకో టీ తాగి ఎల్లమను. మొదటిది ఒలికిపోనాది గదా" అనీసి. సోములుకి కూతురి సంగతి తెలుసు. పంచాంగం ఎక్కడుందే అని నరసమ్మని అడిగినాడు.

నాను డూటీ దిగి ఒచ్చేసరికి కరెంటు లేదు, అందరూ ఈదిలో కూకునున్నారు. మీ తాత కుళాయి దగ్గర సొక్కా ఉతుకుతున్నాడు. ఉతికిందే ఉతుకుతున్నాడు. ఏట్రా అంటే, పక్కన కూకోమని, జరిగిందంతా సెప్పీసినాడు. సెప్పి, "నీ కాడ ఏటీ దాసను గవరయ్యా, నాకు ఆ పిల్ల నచ్చినాది. ఆల్లూ ఒప్పుకున్నట్టే ఉన్నారు. కానీ ముందు ఎల్లినోడివి నువ్వు. నీ మనసులో ఏటైనా ఉంటే ఇప్పుడే సెప్పీ. రేపు పొద్దున్నే సర్దారు సేత ఒద్దని కబురెట్టించీస్తాను. ఆ పిల్ల కాకపోతే నాను ఒంటిగాడిగానే ఉండిపోతాను గానీ, రోజూ నీ మొకం సూడ్డానికి మొకం సెల్లకుండా బతకలేనురా" అన్నాడు. సబ్బు సేతులతోటే నా సేయి పట్టుకున్నాడు. నాను నవ్వేను. ఒరే పిచ్చోడా, నాను తల ఎత్తితే గదా, సింగాడాలు రెండూ తినీసి ఒచ్చేను, ఆ పిల్ల మొకవే గుర్తునేదు నాకు, అన్నాను. అంతే, నన్ను బస్తా ఎత్తినట్టు ఎత్తి భుజమ్మీదేసుకుని ఈదంతా తిప్పినాడు. ఉస్తాద్ మిషనాపి బయటికొచ్చి, ఏటైంది ఏటైంది అంటన్నాడు. అప్పుడే కరెంటొచ్చినాది, ఈదంతా కేకేసినాది. మీ తాత అది తనకోసవే అనుకున్నాడు.

పెళ్ళి ఆ మాగమాసంలోనే అయిపోనాది. మేం ముగ్గురం పక్క రూముకి మారిపోనాం. అబ్బ, ఆ రోజులు. డూటీ దిగితే మీ మామ్మ మరమరాల్లోన ఆవనూని, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి పల్లెం నిండా పెట్టీది. బైరాగి పాటలు, మీ తాత ఎటకారాలు. ఆదోరం మట్టుకు వంట ఆడే సేసీవోడు. ఆవిడ వద్దన్నా ఇనడు. ఆవిడ కంచంలోన మంచి ముక్క, ఆడికి తోక. ఆడు బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లోన నవ్వుకి లోటు రానేదమ్మా.

ఏటి? ఏటడిగేవు? నిజంగా గుర్తునేదా అనా? గడుసుదానివే, మీ మామ్మ పోలికే నీది. గుర్తుండకేటి. తల ఎత్తేను. ఎర్ర గాజులు, ముక్కుకి రాయి, టీ అందించిన సేతి బొటనేలు మీద సూది గుచ్చుకున్న మచ్చ. ఆ కుదర్దన్న కబురొచ్చినాక ఎన్నాళ్ళో అన్నం సయించనేదు. అయితే ఏటి? నాకోసం ఆడు ఆ ఇంట్లో లేచి నిల్చున్నాడు. ఆడికోసం నాను ఒక్క అబద్ధం ఆడలేనా? ఎంత సంతోసంగా ఆడేనో నాకు తెలుసు. ఆ భుజమ్మీద కూకుంటే మెటియాబ్రుజ్ మొత్తం కనిపించినాది నాకు. ఇదిగో, ఇది మీ మామ్మకి సెప్పీకు. మా జగ్గమ్మకి అసలే సెప్పీకు. నా ఎత్తుకి సరిపోయిన పెళ్ళాం, నాకే లోటూ సెయ్యనేదు... ఆఁ, అడుగులిను, మాట్లోనే బజారు నుంచి ఒచ్చీసినాది. ఏమే జగ్గమ్మా, ఇలిస సేప దొరికినాదేటి? పోలిగాడి మనవరాలొచ్చినాది, భోంచేసే ఎల్తాది. మంచి ముక్క దానికెయ్యి, నాకు తోక సాలు.