పావలా ఇడ్లీ

నెల్లూరులో బస్సులు ఆగే చోట ఒక కాఫీ హోటలు, అమావాస్య ఉదయం. గోడవార బల్ల దగ్గర మైపాడు నుంచి వచ్చిన అంకాలమ్మ, పెన్న దాటి కోవూరు నుంచి వచ్చిన ఆమె కూతురు పోలేరమ్మ, పక్కన నిలబడిన సర్వరు మాలకొండయ్య.

"పావలానా? రెండిడ్లీలు పావలానా?"

"పావలానే పెద్దమ్మా. బోర్డు మీద రాసినారు చూడు."

"నాకు చదువు రాదని తెలిసే చూడమంటా ఉండావా మాలకొండయ్యా? పోయిన అమావాస్యకి మూడణాలే గదా."

"పోయిన అమావాస్యకి మినప్పప్పు ధరేంది, ఇప్పుడేంది? వచ్చినోళ్ళందరూ నన్నే తిడతారు, ధర నేనే పెంచినట్టు."

"ధర పెరిగితే పెరిగింది, ఇడ్లీ ఎందుకు తగ్గింది నాయనా? ఆ పక్క బల్ల మీద చూడు. ఉసిరికాయంత ఉండాది."

"అమ్మా, అందరూ చూస్తా ఉండారు. ఊరుకో."

"చూడనీ పోలీ. నేనేమన్నా దొంగతనంగా తింటా ఉండానా? సరే నాయనా, ఒక ప్లేటు తే."

"ఒక్కటేనా? ఇద్దరుండారే."

"నా కూతురికి. నాకు ఆకలి లేదు. చట్నీ రెండోసారి ఏస్తావా, దానికీ దుడ్డు అడగతారా?"

"నీకు ఏస్తాలే పెద్దమ్మా. గల్లా కాడ కూర్చోనుండే ఆయనకి మాత్రం చెప్పబాక."

"ఏం మా, ఆకలి లేదా నీకు?"

"బస్సెక్కక ముందే తిన్నా."

"అబద్ధం. తొలి బస్సుకి వస్తివి, పొయ్యి ఎప్పుడు ముట్టించినావు? నేనొకటి తింటా, నువ్వొకటి తిను."

"ముందు నువ్వు తినవే. పస్తు మనిషిని నేను సాగనంపను. తెలుసు గదా."

"తెలుసు. నాయన కత చెప్పబాక మళ్ళా."

"చెప్పను. చద్దిముంత చేతికిస్తే, 'వచ్చి తింటాలే' అని సముద్రంలోకి పడవ దించినాడు. నేనూ ఊరుకుంటి. ఒక్క ముద్ద తినిపో చెంచయ్యా అని చెయ్యి పట్టుకోనుంటే..."

"చెప్పనంటివి."

"చెప్పలా. తిను."

"తింటా ఉండా."

"నీ పెళ్ళైన కొత్తలో ఇదే బల్ల కాడ ఇడ్లీ అణా. కారం దోసెలు గూడా తింటిమి. నువ్వు రెండు తింటివి."

"ఆయన గూడా వచ్చినాడు ఆ పొద్దు."

"వచ్చినాడు. నాకు వక్కపొడి పొట్లం కొనిచ్చినాడు. ఇప్పుడు నిన్ను వంతెన దాకా గూడా దిగబెట్టడా మా అల్లుడు గంగాధరం?"

"ఆయనకి పనులు మా."

"ఏం పనులో. ఇదో పోలీ, నేనొక ఆలోచన చేసినా. వచ్చే అమావాస్య నుంచి ఈ హోటలు వద్దు మనకి."

"అంటే? రావా నువ్వు?"

"రాకుండా ఎట్టుంటానే? పడవలు దిగని పొద్దు నాకు ఇదొక్కటే గదా పని. మీ ఇంటికే వస్తా. కోవూరికి."

"మా ఇంటికా? వద్దు."

"ఎందుకొద్దు? బిడ్డ పుట్టిందాకా కూతురింట తల్లి చెయ్యి కడగకూడదు. అంతే గదా మన కట్టు? మీ కూడు ముట్టను. నా చద్ది నేనే మూటగట్టుకోనొస్తా. మీ అరుగు మీద కూర్చోని నా ముంతలోది నేను తింటా, నీకొక ముద్ద పెడతా. నీళ్ళు గూడా నావే తెచ్చుకుంటా. అది తప్పెట్టా అవుద్ది?"

"ఊళ్ళో నవ్వుతారు మా."

"నవ్వనీ. పావలా పోసి ఉసిరికాయలు తినేదాన్ని చూసి నవ్వరా?"

"మా అత్తకి ఇష్టముండదు."

"మీ అత్తే గదా తిరణాలలో కనపడి, 'ఏం వదినా, మా గడపే తొక్కవు' అనింది?"

"అది గాదు... ఇల్లు బాగలేదు. కప్పు ఇప్పినారు."

"కొత్త తాటాకు కప్పినారని పోయినసారే చెప్తివి గదా."

"మళ్ళా ఇప్పినారు."

"ఏందే ఇది? వస్తానన్నప్పుడల్లా ఏదో ఒకటి చెప్తావు. నా పక్క చూడు. కొడతా ఉండాడా?"

"లేదు."

"తాగుతా ఉండాడా?"

"లేదంటి గదా. ఏమీ అనడు మా. అసలు నన్ను ఏమీ అనడు."

"మంచిదే గదా."

"ఊ."

"మరి నువ్వు ఈడికొస్తే ఆడ వంటెవురు చేస్తారు?"

"పెంచలమ్మ ఉండాది గదా."

"ఎవురు, ఆ కోట ఊరి పిల్లా? మీ అత్త తమ్ముడి కూతురు? మీ అత్తకి కాలిరిగినప్పుడు సాయానికని వచ్చింది. ఆ కాలు అతుక్కోని ఏడాదాయె. ఇంకా వాళ్ళూరికి పోలేదా?"

"పోలేదు."

"ఎందుకు పోలేదు?"

"కాఫీ చెప్పు మా."

"కాఫీ ఎంతనో ముందు అడగాల. మాలకొండయ్యా! కాఫీ గూడా పెంచినారా?"

"కాఫీ పెంచలా పెద్దమ్మా. గళాసు మార్చినారు."

"బాగుండాది మీ న్యాయం! ఒకటి తే. రెండిట్లో పోసి తే."

"నేను తాగనులే మా, నువ్వు తాగు."

"నోరుముయ్యి. వింటివి గదా, అదీ సంగతి. గంపెడు ఎండు నెత్తళ్ళ చేపలు అమ్మితే, బస్సుకిస్తే ఇడ్లీకి చాలదు, ఇడ్లీకిస్తే బస్సుకి చాలదు. నెలంతా దీనికోసమే కూడబెట్టేదాన్ని, అదీ కుదరడంలా. ఇదే ఆఖరు. వచ్చే అమావాస్యకి నేను మీ అరుగు మీద కూర్చోనుంటా. నువ్వు వద్దన్నా వస్తా."

"అమ్మా."

"చెప్పు."

"నువ్వు చద్ది తెచ్చుకోబన్లేదు."

"అంటే?"

"వచ్చే అమావాస్యకి మా ఇంట్లోనే తినొచ్చు నువ్వు. చెయ్యి కడగొచ్చు. మా అత్త చెప్పమనింది. 'బిడ్డ వచ్చే ఏళాయె, ఇంక కట్టు తీరినట్టే, మీ అమ్మని పిలువు' అనింది."

"పోలీ!"

"విను మా..."

"పోలీ! నా తల్లే! నా బంగారే! మాలకొండయ్యా, ఇట్రా నాయనా! ఇంకో ప్లేటు ఇడ్లీ తే. కేసరి ఉండాదా?"

"ఉండాది గానీ పెద్దమ్మా, కేసరి ధర..."

"ధర అడిగినానా నేను నిన్ను? తే!"

"అమ్మా, కాస్త నా మాట విను."

"ఇన్నేళ్ళకి! పోలేరమ్మ తల్లి పేరు ఊరికే పెట్టుకోలేదే నీకు. అయ్యో నా మతి మండ, అందుకేనా పోయినసారి చింతకాయ తొక్కు కావాలంటివి? నాకు తట్టనే లేదు చూడు. పిల్లకి పులుపు మీద పోయింది మనసు అని అనుకోనైనా అనుకోలా. దొంగముండా, నోరు తెరిచి చెప్తే ఏంపోయె? ఇదో, ఈసారి గూడా తెచ్చినా. చిన్న జాడీ. జాగర్త, ఒలకబోసుకోబాక. పోయినసారిది చాలిందా?"

"చాలింది."

"ఎన్నో నెల?"

"ఇడ్లీ చల్లారతా ఉండాది మా. తిను."

"ఎన్నో నెలే?"

"నెలలు నిండినాయి."

"ఏందీ? లెయ్యి. లేసి నిలబడు."

"అందరూ ఉండారు మా."

"నెలలు నిండితే కడుపేదే?"

"నాకు గాదు మా."

"మరెవురికి?"

"చెప్పినా గదా. ఆ పిల్ల కోటకి పోలేదని."

"కేసరి పెద్దమ్మా. ఏడేడిగా ఉండాది, ఇప్పుడే దించినారు..."

"ఆడ పెట్టి పో నాయనా."

"అమ్మా, ఈడ ఏడవబాక. నీకు దణ్ణం పెడతా."

"తాళి గట్టినాడా దానికి?"

"కట్టినాడు. గుళ్ళో. పసుపుతాడు నన్నే పట్టుకోనుండమనింది అత్త."

"పట్టుకుంటివా?"

"పట్టుకుంటి."

"అందుకేనా ఆ కప్పు ఇప్పి ఇప్పి కప్పినారు?"

"నువ్వొస్తే చూస్తావని. ఈడ నీ పక్కన కూర్చున్నంతసేపు... నాకు ఏమీ జరగనట్టే ఉంటుంది మా."

"తొక్కు దానికేనా?"

"ఆమె అడిగింది. 'అక్కా, మీ ఊరి తొక్కు ఉంటే రెండు ముద్దలు పోతాయి' అనింది. కడుపుతో ఉండే మనిషి నోరు తెరిచి అడిగితే లేదనగూడదు గదా."

"నువ్వు రుచన్నా చూసినావా?"

"లేదు."

"పా. నాతో పా. ఇట్నుంచి ఇట్నే మైపాడు బస్సెక్కుదాం."

"వచ్చి? అన్నోళ్ళ గుడిసెలో నువ్వే వసారాలో పడుకుంటా ఉండావు. నేను యాడ పడుకోను? వాళ్ళు నన్ను పొమ్మనలేదు మా. బిడ్డని నా ఒళ్ళోనే పెడతారంట. నన్నే అమ్మా అంటాడంట, ఆమెని చిన్నమ్మా అంటాడంట."

"ఎవురు చెప్పినారు ఇదంతా?"

"ఆయనే. చెప్పి ఏడ్చినాడు గూడా."

"మంచోడే పాపం."

"నువ్వు వచ్చి ఆకు ముందు కూర్చోని తింటే, ఇంక ఊళ్ళో ఎవురూ ఏమీ అనరంట. తల్లే వచ్చి చెయ్యి కడిగిందంటే ఆ బిడ్డ పోలేరమ్మ బిడ్డే అంటారంట. నిన్ను ఒప్పించకుండా రావొద్దనింది మా అత్త."

"ఆమె సంగతి ఇడిసిపెట్టు. నువ్వు చెప్పు. నన్ను తినమంటావా?"

"నాకేం తెలుసు మా."

"తెలుసు. నాకు చెప్పకుండా ఇంకెవురికి చెప్తావు?"

"నువ్వు ఆ ఇంట్లో కూర్చోని ముద్ద నోట్లో పెట్టుకుంటే... నాకింక బిడ్డ పుట్టదని నువ్వు గూడా ఒప్పుకున్నట్టే గదా మా. నువ్వొక్కదానివే మిగిలుండావు, ఒప్పుకోకుండా."

"పెద్దమ్మా, మైపాడు బస్సు కదలతా ఉండాది. అయ్యో, కేసరి ముట్టనే లేదే!"

"ఆకులో కట్టియ్యి నాయనా, దారిలో తింటుంది. పోలీ, కళ్ళు తుడుచుకో. వంతెన మీద ఓరగా నడువు, లారీలు వస్తాయి. ఆ జాడీ తీసకపో."

"ఆమెకా?"

"ముందు నువ్వు తిను. నాకు ఒట్టేసి చెప్పు. తిన్నాక మిగిలింది దానికి పెట్టు. దాని కడుపులో ఉండేది ఏం పాపం చేసింది?"

"మరి మా అత్తకి ఏమని చెప్పను?"

"పెద్దమ్మా, ముందే చెప్తా ఉండా, మళ్ళా నన్ను తిట్టబాక. వచ్చే నెలకి ఇడ్లీ ఇంకా పెరగొచ్చంట."

"పెరగనీ నాయనా, ఎంతన్నా పెరగనీ. వచ్చే అమావాస్యకి ఈ గోడవార బల్ల మాత్రం ఎవురికీ ఇయ్యబాక. నా కూతురి కడుపు పండిందాకా మా పలారం ఈడనే."