ఎరుపొక్కటే పూసిన పలక

ఉప్పల్‌లో ఒక ప్రయోగశాల. లైట్లు ఆర్పిన గదిలో పరిశోధన చేయించే మేడమ్, ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న దమ్మాయిగూడ కుర్రాడు.

"నిజం చెప్పు. నీ పలక మీద ఈ ఎర్రటి వెలుగు ఎక్కడిది?"

"బంకమట్టి పొరల మీద రెండు రంగులు ఎక్కించిన మేడం. నీలం లైటు ఏస్తే పసుపురంగు దాన్ని పట్టుకొని, పక్కనున్న ఎరుపుకిస్తది. గందుకే ఎరుపు మెరుస్తది."

"ఎవరూ ఇవ్వకుండా ఎరుపే సొంతంగా మెరుస్తోందేమో! అలాగైతే నీ పేపరంతా అబద్ధం."

"ఎరుపొక్కటే పెట్టి గూడ సూసిన మేడం. మెరవలే."

"నువ్వు చూశావు, నేను చూడలేదుగా. ఇదిగో, ఎరుపొక్కటే పూసిన గాజుపలక. పొద్దున నేనే చేశాను."

"నా మీద గంత అనుమానమా?"

"సాయంత్రం జర్నల్‌కి పంపే పేపర్లో నా పేరు కూడా ఉంటుంది బాబూ. దీని మీద నీలం లైటు వెయ్యి."

"మీరే ఎయ్యున్రి. మళ్ళ నేనేదో జేసిన అంటరు."

"...లైటు వేసినా పలక చీకటిగానే ఉంది. సరే, పంపు."

"ఒక్కటి అడుగుత, కోపం జేయొద్దు. పోయినేడు మా సీనియర్ సాత్వికన్న పేపర్ గూడ గిట్లనే సూసి పంపిన్రా?"

"వాడు చెప్పాడు. నమ్మాను."

ఆమె ఎరుపు పలకను లైటు కింది నుంచి తీసి పక్కన పెట్టింది.

"వెళ్ళి వాడి పలకలు పట్రా. ఈ లైటు ఇలాగే ఉండనీ."