పదిహేను వందల బస్కీలు

కొల్హాపూర్. ఆస్పత్రిలో సోరియాసిస్‌కి వచ్చిన కొత్త మాత్రను పరీక్షిస్తున్న గది, బుధవారం ఉదయం. డాక్టర్ మృణాల్ ఎదుట కుర్చీలో పహిల్వాన్ హైబతి. అక్కా అనాల్సిన చోట ఆమెను తాయీ అంటాడు.

"ఆ సీసా ఇటివ్వు హైబతీ."

"ఇవ్వను తాయీ."

"అందులో ఇంకా మాత్రలున్నాయి. అవి నీవీ కావు, నావీ కావు. ట్రయల్‌వి. ఇవ్వు."

"చొక్కా ఎత్తుతా, చూడండి. చూడండి తాయీ! నాలుగు నెలల కింద ఈ వీపు ఎలా ఉండేది? పక్క దులిపితే గుప్పెడు పొట్టు రాలేది. ఇప్పుడు ఒక్క మచ్చ చూపించండి, సీసా ఇచ్చేస్తా."

"నేను మాట్లాడేది చర్మం గురించి కాదు."

"సోరియాసిస్‌కి మాత్రిచ్చి చర్మం గురించి కాదంటారేంటి?"

"రక్తం గురించి. కండరం చితికితే ఒక పదార్థం రక్తంలోకి కారుతుంది. రెండు వందలు దాటకూడదు. నీకు ఆరు వేలు."

"ఆరు వేలా?"

"ఈ మాత్ర కొందరికి అలా చేయొచ్చని మొదటిరోజే చదివి వినిపించాను. సంతకం పెట్టావు."

"ఆ రోజు నేనేమీ విన్లేదు తాయీ. పూత కాదు, సూది కాదు, రోజుకో మాత్ర అన్నారు. అంతే విన్నాను."

"నీ సీసాలో ఉన్నది మందో, ఉత్తుత్తి మాత్రో నాకు కూడా తెలీదు."

"నా వీపుకి తెలుసు."

"హైబతీ, నవ్వే విషయం కాదిది. కండ ఇలాగే కరిగితే ఆ చెత్తంతా మూత్రపిండాల మీద పడుతుంది. మనిషి పోతాడు."

"బస్కీలు తాయీ!"

"ఏంటి?"

"బస్కీలు తీశాను. మీ మనిషి మా ఇంటికొచ్చి రక్తం తీసిన రోజు పొద్దున. పదిహేను వందలు. అందుకే ఆరు వేలు. అంతే, ఇంకేం కాదు!"

"పరీక్షకి మూడు రోజుల ముందు నుంచీ కసరత్తు వద్దన్నానా, లేదా? ఆ రోజు ఫోన్‌లో అడిగితే ఏమన్నావు? 'అసలు మంచమే దిగలేదు తాయీ' అన్నావు."

"అబద్ధం చెప్పాను. ట్రయల్ నుంచి తీసేస్తారని."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేదా?"

"అప్పటిదే. మీరే చెప్పండి, పహిల్వాన్‌ని పట్టుకుని మూడ్రోజులు కదలొద్దంటే? చేపని గట్టెక్కి కూర్చోమన్నట్టు."

"తొడలు నొప్పా?"

"లేదు."

"మూత్రం ఏ రంగులో వస్తోంది?"

"మామూలే."

"మామూలంటే?"

"మామూలంటే మామూలే. ఏంటి తాయీ, ఆడమనిషి అడిగే మాటేనా అది?"

"డాక్టర్ అడిగే మాట. లే. నా ముందు ఒక్కసారి కూర్చుని లే, చూస్తాను."

"నా మాట మీద అంత నమ్మకం లేదా? మా వస్తాద్‌కి ఫోన్ చేసి రమ్మన్నాను. బయటికొచ్చి నిలబడ్డారు, అడగండి. ఆయన నోట అబద్ధం రాదు. వస్తాద్! లోపలికి రండి!"

"నమస్కారం డాక్టరమ్మా. బండోపంత్‌ని. వీడికి కుస్తీ నేర్పిన పాపం నాదే."

"వస్తాద్‌గారూ, పోయిన మంగళవారం పొద్దున హైబతి బస్కీలు తీశాడా?"

"పోయిన మంగళవారం..."

"పదిహేను వందలు వస్తాద్, చెప్పండి."

"నువ్వు నోరు మూసుకో హైబతీ. ఆయన్ని చెప్పనీ."

"అమ్మా, వీణ్ణి మా కుస్తీ తాలీం నుంచి బయటికి పంపింది నేనే. గోదాలో వీడితో పట్టు పట్టేవాడు లేకపోయాడు. అంటుకుంటుందని. అంటుకోదని మీరు రాసిచ్చిన కాగితం తలుపుకి అంటించాను, కుర్రాళ్లు చింపేశారు. వీడు తాగిన లోటా కూడా విడిగా..."

"నేనడిగింది బస్కీల గురించి."

"తీశాడు."

"మీ కళ్లతో చూశారా?"

"చూశాను. పదిహేను వందలు. నేనే లెక్కపెట్టాను."

"సరే. 'కసరత్తు వల్ల' అని రాస్తున్నాను. మీ మాట మీద రాస్తున్నాను వస్తాద్‌గారూ, గుర్తుంచుకోండి. మాత్ర ఆపను. శనివారం మళ్లీ రక్తం. ఈలోగా ఒక్క బస్కీ తీశావో..."

"తీయను తాయీ. మీ మీద ఒట్టు."

"ఒట్టు నీ మీద వేసుకో. పక్క గదిలో పేషెంట్ ఉన్నాడు, వెళ్తున్నా. మీరూ బయల్దేరండి."

"వెళ్లిందా వస్తాద్?"

"వెళ్లింది. ఇప్పుడు చెప్పరా. తీశావా?"

"చూశానన్నారుగా."

"నిన్ను గెంటేసిన పాపం కడుక్కోవడానికి అన్నాను! మీ ఊళ్లో చెరకు తోటలో సాధన చేస్తున్నానంటివిగా ఫోన్‌లో. తీశావా, లేదా?"

"జాతర కుస్తీలో నా పేరు రాశారా?"

"రాయించాను. ముందు నేనడిగింది చెప్పు."

"ఎవరితో?"

"సాంగ్లీ కుర్రాడితో. ఒంటి మీద మచ్చల్లేకపోతే పట్టు పడతానన్నాడు."

"పడతానన్నాడా? వాడి నోటితో అన్నాడా?"

"అన్నాడురా. ఏడుస్తావేంటి? మగాడివి. లే, పోదాం."

"మీరు పదండి. నేనొస్తా."

"నీ కోసం వచ్చినవాణ్ణి, నేనెక్కడికి పోను? లే."

"కాసేపుండి లేస్తా."

"హైబతీ. లే."

"వస్తాద్..."

"ఏదీ, ఇటు చూడనీ. నీ తొడ... ఇదేంట్రా? పిండిముద్దలా ఉందేంటి? డాక్టరమ్మా!"

"పిలవద్దు! మీ కాళ్లు పట్టుకుంటా, పిలవద్దు! పిలిస్తే సీసా తీసేసుకుంటుంది. తాయీకి ముందు చెప్పిందే నిజం. మంచం దిగలేదు. ఇరవై రోజులుగా దిగలేదు."

"మరి ఇక్కడిదాకా ఎలా వచ్చావురా?"

"రిక్షావాళ్లిద్దరు మోసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. చంకల కింద చేతులేసి, నా ఒంటికి ఒళ్లు ఆనించి, చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు... ఒక్కడు కూడా చెయ్యి దులుపుకోలేదు వస్తాద్!"