తల్లిపిండి వయసు

బేకరీ వెనక వరండాలో రొట్టెల మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టి, మోచేతులకంటిన పిండి దులుపుకోవడం మొదలెట్టాడంటే ఇక అరగంట దాకా ఎవరూ లేవరు. ఆ సాయంత్రం ఆయన ముందు ముగ్గురు ట్రైనింగు పిల్లలు కూర్చున్నారు. వారంలో మూడు రోజులు బడి, మూడు రోజులు ఇక్కడ పని. ఏడాది చివర మేస్త్రీ పుస్తకంలో సంతకం పెడితేనే సర్టిఫికెట్టు. ఒకడు పొడుగోడు, ఇంకొకడు మొన్ననే చేరిన పదిహేనేళ్ల బుడ్డోడు, వాళ్ల మధ్య పదహారేళ్ల ముంగి. నోరు విప్పదని ఆ పిల్లని మేస్త్రీయే అలా పిలిచాడు, అదే నిలిచిపోయింది. కాస్త అవతల బట్టీ బాబాయి గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఆయన రొట్టెలు కాల్చే మనిషి, మేస్త్రీ ఈడువాడే.

మర్నాటి నుంచి తల్లిపిండి వంతు బుడ్డోడిది. తల్లిపిండంటే నేలమాళిగలో జాడీలో ఉండే పులిసిన పిండి. రోజూ గుప్పెడు తీసేసి, తీసినంత మైదా, నీళ్లు కలిపి దాన్ని మేపాలి. మామూలు బ్రెడ్డుకి ఈస్టు ప్యాకెట్లున్నాయి గానీ, శనివారం చేసే పుల్ల రొట్టెకి ఇదే ప్రాణం. మేస్త్రీ మోకాళ్లు అరిగి మెట్లు దిగడం మానేశాక పిల్లలే వారానికొకరు చూసుకుంటున్నారు. దాన్నెలా చూసుకోవాలి మేస్త్రీగారూ అని బుడ్డోడు అడిగాడు. వాడడిగింది అంతే.

మేస్త్రీ కథ చిన్నగానే ఎత్తుకున్నాడు. తను వీడంత ఉన్నప్పుడు నేలమాళిగలోకి వాన నీళ్లొస్తే, మోకాలి లోతు నీళ్లలో జాడీ నెత్తిన పెట్టుకుని మెట్లన్నీ ఎక్కానన్నాడు. అది నమ్మొచ్చు. బట్టీ బాబాయి కూడా కళ్లు తెరవకుండానే తలూపాడు. రెండు గుక్కల టీ అయ్యేసరికి నీళ్లు మెడ దాకా వచ్చాయి, జాడీ కాస్తా గంగాళమైంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నెత్తి మీద పిండి పొంగి, నా చెవుల మీదుగా జారి, గడ్డం కింద ముడేసుకుంది. నేను దాన్ని మోశానని ఊరంతా చెప్పుకున్నారు గానీ, మునిగిపోకుండా అదే నన్ను పైకి లాక్కొచ్చింది రా."

పొడుగోడు కిసుక్కున నవ్వాడు. ముంగి నవ్వలేదు.

మేపే చెయ్యి ఎవరిదో దానికి తెలుసునన్నాడు మేస్త్రీ. ఓసారి తను నాలుగు రోజులు ఊరెళితే, అది అలిగి, పొంగి, ఒక్కో మెట్టే ఎక్కి, తలుపు సందులోంచి వీధిలో పడి, తన వాసన పట్టుకుంటూ ఇంటి దాకా వెళ్లి గడప ముందు కూర్చుందట. వీధి వీధంతా కోసుకెళ్లి నెల్లాళ్లు కాల్చుకు తిన్నారట, అయినా తరగలేదట. అది సరే గానీ, కోసిన ప్రతి రొట్టెలోనూ లోపలివైపు నుంచి నొక్కినట్టు ఐదు వేళ్ల గుర్తులున్నాయట.

"ఎవరివి?" అన్నాడు పొడుగోడు.

"చెయ్యి పెట్టి చూసుకున్నాను. నావే."

వాళ్ల కాళ్ల దగ్గరే, నేలమాళిగకి గాలి పోవడానికి పెట్టిన ఇనప జాలీ ఉంది. అందులోంచి ఎప్పుడూ పుల్లటి వాసన వస్తుంటుంది. సరిగ్గా అప్పుడే కింద బుడుక్కుమని చప్పుడైంది. పిండిలో బుడగ పగిలితే అలాగే అవుతుందని అక్కడ పనిచేసే ప్రతివాళ్లకీ తెలుసు. అయినా బుడ్డోడు కాళ్లు రెండూ బల్ల మీదికి లాక్కున్నాడు.

మేస్త్రీ గొంతు తగ్గించాడు. తనకి ముందు ఇక్కడ ఒక కుర్రాడు పని నేర్చుకునేవాడట. చలిగా ఉంది కదాని వాడు ఓ పూట జాడీని బట్టీ పక్కన పెట్టి మరిచిపోయాడట.

ముంగి చటుక్కున తలెత్తింది. బట్టీ పక్కన. ఈ సంగతి ఈయనకెలా తెలుసు? తన వంతు వారంలో తను చేసిందీ అదే. తెల్లారి చూస్తే జాడీ అంచులు ఉడికి గట్టిపడ్డాయి, మధ్యలో బూడిదరంగు నీళ్లు తేలాయి. ఆ సంగతి ఇంట్లో అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

"కొనప్రాణంతో మిగిలింది," అన్నాడు మేస్త్రీ. "ఆ సాయంత్రం ఇంటికి వెళ్లింది మాత్రం వాడు కాదు. వాడిలాగే ఉంది, వాడి చొక్కాయే తొడుక్కుంది. మొహం తెల్లబడిందేంట్రా అంది తల్లి, అంతే. పొయ్యి దగ్గర కూర్చోబెడితే కాస్త ఉబ్బేది. ముట్టుకుంటే సొట్ట పడేది, కాసేపటికి అదే సర్దుకునేది. ఏడాది చివర పరీక్ష కూడా రాసింది. ఫస్టు క్లాసు."

"మరి అసలు కుర్రాడు?"

మేస్త్రీ కాళ్ల దగ్గరి జాలీ వైపు చూశాడు. అందరూ అటే చూశారు.

చంపబోయినవాడి చేతికి ఆ పులుపు వాసన జన్మలో వదలదని, సబ్బు అరిగిపోవాలే గానీ వాసన పోదని ఆయన చెప్పుకుపోతున్నాడు. ముంగి రెండు చేతులూ తొడల కింద దాచుకుంది. పొద్దున్నుంచి మూడుసార్లు కడుక్కుంది. ఇప్పుడు వాసన చూసుకోవడానికి ధైర్యం చాల్లేదు.

బుడ్డోడు లేచి ఏప్రాను ముడి విప్పుతున్నాడు. రేపట్నుంచి రానన్నాడు. వాణ్ణి ఇక్కడ చేర్చుకోమని వాళ్ల నాన్న నాలుగుసార్లు వచ్చి బతిమాలిన సంగతి అందరికీ తెలుసు. మేస్త్రీ అక్కడితో ఆపాల్సింది. ఊపు మీదున్నాడు, ఆపలేకపోయాడు.

"రాకపోతే అదే నీ దగ్గరికొస్తుంది. నలభై ఏళ్ల ప్రాణం రా అది. దానికి తెలియని ఇల్లుందా?"

"దానికి ఇరవై రోజులు, మేస్త్రీగారూ," అంది ముంగి.

బట్టీ బాబాయి కళ్లు తెరిచాడు.

ఆ పిల్ల తలెత్తకుండా మొత్తం చెప్పేసింది. జాడీ బట్టీ పక్కన మరిచిపోయి చంపేశానని, దాన్ని మోరీలో పారబోశానని, ఇంట్లో మళ్లీ మొదటినుంచి మైదా, నీళ్లు కలిపి పులియబెట్టానని, శనివారానికి అందిందని. ఆ శనివారమే మేస్త్రీ రొట్టెముక్క నోట్లో పెట్టుకుని, నలభై ఏళ్ల రుచి ఎక్కడికి పోతుందని మెచ్చుకున్నాడని కూడా చెప్పింది.

"నా పుస్తకంలో సంతకం పెట్టకపోయినా సరే. వీణ్ణి మాత్రం భయపెట్టకండి. అది ఎవరింటికీ రాదు."

మేస్త్రీ కోప్పడతాడని పొడుగోడు పక్కకి జరిగాడు. ఆయన కోప్పడలేదు. ఖాళీ గ్లాసులోకి చూస్తూ, ఎన్ని రోజులకి పొంగిందని అడిగాడు. ఆరో రోజుకి అంది ముంగి. దేంట్లో పెట్టావన్నాడు. అమ్మ స్టీలు డబ్బాలో అంది.

"అప్పట్లో నాకు పదకొండు రోజులు పట్టింది," అన్నాడు మేస్త్రీ.

బట్టీ బాబాయి మెల్లిగా తలూపి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ముంగి బుడ్డోడి ఏప్రాను ముడి బిగించి, వాణ్ణి వెంటబెట్టుకుని నేలమాళిగలోకి దిగింది.

ఏడాది చివర ముంగి పుస్తకంలో సంతకం పడింది. మేస్త్రీ కోతలు మాత్రం ఆగలేదు. వాననీళ్లు మెడ దాటి మేడ మీదికెక్కాయి, పిండి వీధి దాటి పక్క ఊరికి పోయింది. ఆ పదకొండు రోజులు మాత్రం ఎప్పుడు చెప్పినా పదకొండే.